ఈ దినమే లింగార్పణము

శ్రీ గురుబసవలింగాయ నమః



మన యిండ్లలో శిశువు జన్మించిన కొలది దినములలోనే గురువును గాని జంగమయ్యను గాని పిలిచి, ఆ పసికందునకు లింగధారణము చేయించుట తరతరములుగా వచ్చుచున్న యాచారము. ఆ బిడ్డ కన్నులు విప్పి లోకమును సరిగా చూచి యుండదు. తల్లి యెవరో తండ్రి యెవరో యెఱుగదు. మంత్రమన నేమో, మతమన నేమో తెలియదు. అయినను మన పూర్వులు “బిడ్డ పెద్దవాడు కానిమ్ము, బుద్ధి తెలియనిమ్ము, అప్పుడు చూతము” అని యనలేదు. ప్రాణమున్నది గదా, ఆ ప్రాణమునకు తోడుగా లింగముండవలె ననిరి. శివునకును జీవునకును నడుమ నొక్క దినమైనను ఎడముండరాదని వారి భావము.

ఇట్టి మతమున పుట్టిన మనము, ఆ బిడ్డ నడక నేర్చిన నాటి నుండి యేమి బోధించుచున్నాము? “రేపు” అను నొక్క మాటనే బోధించుచున్నాము. పదవ తరగతి ముగిసిన పిమ్మట సుఖపడుదువు. ఇంటర్మీడియట్ దాటిన పిమ్మట నీ యిష్టము. ఉద్యోగము వచ్చిన పిమ్మట ఊపిరి పీల్చుకొందువు. పెండ్లి యైన పిమ్మట, ఇల్లు కట్టిన పిమ్మట, బిడ్డలకు పెండ్లిండ్లు చేసిన పిమ్మట, పింఛను పుచ్చుకొన్న పిమ్మట తీరికగా శివపూజ. మెడలోని లింగము మాత్రము పుట్టిన నాటి నుండి అచ్చటనే యున్నది. దానిని చేత బట్టి చూచుటకు మనకు తీరిక లేదు. శివుడు నేడు వచ్చి కూర్చుండగా, మన మాయనను రేపు రమ్మనుచున్నాము.

ఈ “రేపు” అను మాట బిడ్డ నోట తనంత పుట్టదు. దానిని తల్లిదండ్రులు ప్రేమచేత పలికింతురు. అధికారులు, కులపెద్దలు, లోకమర్యాదలు భయముచేత పలికించును. అందుచేత నేటి దినమును నేడే శివార్పణముగా బ్రదుక గోరువానికి ఈ యిరుపక్షముల యొత్తిడి తప్పదు. ఆ యొత్తిడి నెదుర్కొనుట ఎట్లు? ధిక్కారము చేయక, లొంగి చెడిపోక నిలుచుట ఎట్లు? ఈ ప్రశ్నకు మన శరణుల చరిత్రలలో స్పష్టమైన సమాధానమున్నది. దానిని తల్లిదండ్రులును బిడ్డలును కలిసి కూర్చుండి చదువవలె నని నా మనవి.

బాగెవాడి యందు జరిగిన కథ మీకందఱకు తెలిసినదే. నేటి కర్ణాటక రాష్ట్రమున విజయపుర జిల్లాలో నున్న ఆ యూరికి నేడు బసవన బాగెవాడి యని పేరు. 13వ శతాబ్దమున పాలకురికి సోమనాథుడు ద్విపద ఛందమున, ఏడాశ్వాసములుగా రచించిన బసవపురాణమున ఈ కథ తెనుగువారికి మొదట లభించినది. మండెంగ మాదిరాజు, మాదాంబ యను పుణ్యదంపతులకు బసవన్న జన్మించెను. ఉపనయన వయస్సు రాగానే తండ్రి కులాచారము చొప్పున ఒడుగు చేయుటకు సన్నాహము చేసెను. బాలుడు వలదనెను. తనకు పుట్టుకతోనే గురువు శివదీక్ష ప్రసాదించి యుండగా, మరల వేఱొక కర్మదీక్ష యెందులకని యాతని వాదము. తండ్రి నచ్చజెప్పెను, కోపించెను. కుమారుని మనసు మాఱలేదు. తుదకు బసవన్న తన యక్క నాగమాంబను తోడుకొని పుట్టినిల్లు విడిచి కప్పడి సంగమేశ్వరమునకు వెడలెను.

హరిహరుడు కన్నడమున రచించిన రగడలో ఈ వృత్తాంతము వేఱొక తీరున నున్నది. అందు బసవన్న బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయెను. ఉపనయనము జరిగెను గాని, పిదప నాతడే జందెమును విడిచి సంగమమునకు పోయెను. ఒక కవి యుపనయనమునకు ముందే కాదనె ననగా, వేఱొక కవి తరువాత విడిచె నని చెప్పెను. కాలము విషయమున కవుల కేకాభిప్రాయము లేకున్నను, తనకు సత్యమని తోచిన దానిని బసవన్న వాయిదా వేయలే దనుట యందు ఇద్దఱు నొక్కటే.

ఇచ్చట మనము తండ్రిని నిందింపరాదు. మాదిరాజు దుర్మార్గుడు కాడు. కుమారుని మేలు కోరినవాడే. అగ్రహారమున పుట్టిన బిడ్డ ఒడుగు లేకున్న రేపు వేదాధ్యయనము లేదు, సభలో స్థానము లేదు, పిల్ల నిచ్చువారు లేరు. ఇదియే యాతని భయము. ఆ తండ్రి కన్నులు రేపటి మీదను, నిన్నటి యాచారము మీదను నిలిచి యున్నవి. కుమారుని కన్నులు అప్పుడు ఎదుట నున్న సత్యము మీద నిలిచి యున్నవి. ప్రేమ లేక వారు విడిపోలేదు. ప్రేమ యున్నను చూపులు వేఱగుటచేత విడిపోయిరి. నేడు మన యిండ్లలో జరుగు కలహములలో నూటికి తొంబది యిట్టివే గదా!

మఱియొక సంగతి. బసవన్న యిల్లు విడిచి యేమి చేసెను? తండ్రిని తిట్టుచు వీథుల వెంట తిరుగలేదు. సుఖము వెదకుచు పోలేదు. కృష్ణా మలప్రభా నదులు కలియు కూడల సంగమమున గురుసన్నిధిని చదువుకొనెను, శివపూజ చేసెను. పిదప కల్యాణమున బిజ్జల మహారాజు కొలువున ఉద్యోగియై భాండారము చూచుచు, దండనాయకుడై రాజ్యభారము మోసెను. జంగమార్చనలకు రాజధనము వ్యయము చేయుచున్నాడని చాడీలు చెప్పగా రాజు భాండారమును లెక్కింపించె ననియు, అందు ఒక్క కాసైనను తక్కువ లేకుండె ననియు పురాణము. తండ్రి మాటను కాదన్న బాలుడే రాజుసొమ్మునకు రవ్వంత లోపము రానీయలేదు. కాదనుటకు అర్హత అట్టివానికే గలదు. చేతిలో పని లేక కాదనువాడు బద్ధకమును సత్యమని భ్రమించును.

ఇక అక్కమహాదేవి చరిత్ర చూడుడు. ఈ తల్లి జన్మస్థానము ఉడుతడి. నేడు శివమొగ్గ జిల్లాలో నున్నది. చిన్ననాటనే చెన్నమల్లికార్జునుని పతిగా తలంచిన కన్య. ఆమె సౌందర్యమును చూచి కౌశికుడను రాజు వివాహమాడ గోరెను. ఆమె తల్లిదండ్రులు భక్తులే. బిడ్డ మనసు ఎఱిగినవారే. కాని రాజాజ్ఞకు భయపడిరి. తమ ప్రాణములకు ముప్పు వచ్చునని, బిడ్డ యొప్పుకొనిన బాగుండునని వేదన పడిరి. తల్లిదండ్రుల ప్రేమయు రాజు బలమును ఒక్కటై యొక ఆడుబిడ్డ మీద పడిన సందర్భమది. వివాహము జరిగె నని కొందఱు, జరుగలే దని కొందఱు చెప్పుదురు. షరతులు విధించి రాజగృహమునకు పోయె ననియు, రాజు వానిని మీఱగానే సర్వమును విడిచి వెడలె ననియు హరిహరుని కథనము. ఏ కథను గైకొన్నను, ఆమె నగలను, పట్టుపుట్టములను, రాణివాసమును వదలి బయటికి నడచె ననుట నిశ్చయము.

అటు పిమ్మట ఆమె కల్యాణమున అనుభవమంటపమునకు వచ్చెను. అచ్చట శూన్యసింహాసనమున నున్న అల్లమప్రభువు ఆమెను సుళువుగా లోనికి రానీయలేదు. కఠినమైన ప్రశ్న లడిగెను. అన్నిటినీ వదలితి నన్నదానవు, కేశములతో మేను కప్పుకొనుట యేల యను వఱకు ప్రశ్నించెను. ఆమె తడబడక సమాధానము లిచ్చెను. 15వ శతాబ్దమున సంకలనము చేయబడిన శూన్యసంపాదన మను కన్నడ గ్రంథమున ఈ సంవాదము విపులముగా నున్నది. తుదకు అల్లమప్రభువు ఆమెను మెచ్చుకొనెను. శరణులందఱు ఆమెను “అక్క” యని పిలిచిరి.

ఇందలి భేదమును గ్రహింపుడు. కౌశికుడును అధికారియే, అల్లముడును అధికారియే. కౌశికుడు ఆమె నడుగక ఆజ్ఞాపించెను. అల్లముడు ఆజ్ఞాపింపక యడిగెను. కౌశికునకు కావలసినది ఆమె లొంగుబాటు. అల్లమునకు కావలసినది ఆమె సత్యము. ఇంటిలోని పెద్దఱికము గాని, మఠములోని పెద్దఱికము గాని, బడిలోని పెద్దఱికము గాని ఈ రెంటిలో నేదో యొకదాని వలె నుండును. మన పెద్దఱిక మేది యని ఎవరికి వారే విచారించుకొనవలెను.

అక్కమహాదేవి కల్యాణము నుండి శ్రీశైలమునకు వచ్చి కదళీవనమున లింగైక్యము చెందెను. బసవన్న విద్య నేర్చిన కూడల సంగమమున మలప్రభను కలుపుకొనిన కృష్ణవేణియే మన శ్రీశైలము క్రింద పాతాళగంగయై ప్రవహించుచున్నది. అచ్చటికి పోయిన ప్రతి తెలుగు లింగవంతుడు ఆ నీటిని తల మీద చల్లుకొనును. తల్లిదండ్రుల భయమును, రాజు బలమును దాటివచ్చిన యొక కన్య ఆ యొడ్డుననే తన ప్రయాణము ముగించె నని ఆ క్షణమున స్మరించుట యుచితము.

ఇప్పుడొక సందేహము కలుగును. “నేటి దినమున జీవింపు మనగా నేమి? తినుము, త్రాగుము, రేపటి మాట మఱచిపొమ్ము అని యర్థమా?” అట్లని కొందఱు యువకులు తలంచుచున్నారు. గంటల తరబడి సెల్‌ఫోను తెర మీద వ్రేలు జరుపుచు, “నేను ఈ క్షణములో నున్నాను” అనువారిని చూచుచున్నాము. వారు ఈ క్షణములో లేరు. ఎవరో యెచ్చటనో చేసిన దానిని చూచుచు తమ క్షణమును పరుల కిచ్చివేసిరి.

శరణుల దృష్టిలో నేటి దిన మనగా నేమో తెలియవలె నన్న ఆయ్దక్కి మారయ్య కథ తలపోయుడు. కన్నడమున అక్కి యనగా బియ్యము. నేల మీద రాలిన బియ్యపు గింజల నేఱి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే యాతని భార్య లక్కమ్మ వండి, జంగములకు దాసోహము చేసి, మిగిలినది ప్రసాదముగా నిద్దఱు స్వీకరించెడివారు. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు కొలతకు మించి బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ యెక్కువ యెందుకు? ఇది నీ యాసయా, శివుని యానతియా? అని నిలదీసి, అధికముగా తెచ్చిన దానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. మారయ్య మాఱుమాటాడక పోసి వచ్చెను.

ఆ యిల్లాలు రేపటికి దాచుకొన నిరాకరించెను. కాని నేటి పనిని మాత్రము మానుమనలేదు. గింజ లేఱుట మానలేదు, వండుట మానలేదు, అతిథికి పెట్టుట మానలేదు. శరణులకు నేటి దినమనగా నేటి కాయకము, నేటి దాసోహము, నేటి ప్రసాదము. ఈ మూటితో దినము నిండినప్పుడు రేపటి భయమునకు అందు చోటు చాలదు. కాయకము లేనివానికి నేటి దినము ఖాళీ పాత్ర. దానిని భోగముతో నింపినను నిండదు, చింతతో నింపినను నిండదు.

నేటి సంసారులు ధాన్యమును గాని ధనమును గాని దాచరాదని నా యభిప్రాయము కాదు. బిడ్డల చదువునకు, రోగమునకు, వృద్ధాప్యమునకు కొంత దాచుట గృహస్థధర్మమే. దాచుట వేఱు; దాచిన దానికొఱకు నేటి దినమును తాకట్టు పెట్టుట వేఱు. నాగలి పట్టిన రైతు రాబోవు పంటకొఱకే విత్తును. కాని విత్తు వేళ ఆతని దృష్టి చాలు మీద నుండును. చాలు మీద దృష్టి తప్పినవాడు పంట నెంత తలంచినను ప్రయోజనమేమి?

మన పూజావిధానమే ఈ సత్యమును ప్రతిదినము మనకు బోధించుచున్నది. ఇష్టలింగమును ఎడమ యరచేత నుంచుకొని ఱెప్ప వేయక చూచుచు ధ్యానించుము అని గురువు మనకు చెప్పెను. అరచేతి లింగమును చూచు కన్ను అదే వేళ నిన్నటిని చూడలేదు, రేపటిని చూడలేదు. అట్లే భోజనమునకు ముందు పదార్థమును లింగమునకు సమర్పించి ప్రసాదముగా స్వీకరింతుము. పళ్లెరములో నున్న యన్నమునే సమర్పింపగలము. రేపు వండబోవు అన్నమును నేడు సమర్పించుట ఎవరి తరము? మన జీవితము నందును అంతియే. చేతనున్న దినము నర్పింపవచ్చును. రాబోవు దినమును అర్పించెద నని మాట యిచ్చువాడు వట్టి విస్తరి వడ్డించినవాడు.

ఈ కారణము చేతనే శరణులు తిథి వార నక్షత్రముల కట్టుబాటును పాటింపలేదు. శివుని తలంచిన ప్రతి గడియయు మంచి గడియయే యని వారి సిద్ధాంతము. లింగవంతునకు సూతకములు లేవనుటయు నిందు భాగమే. జనన మరణాది సూతకముల పేరిట కొన్ని దినములు శివునకు పనికిరాని దినములని లోకము వేఱుపఱుపగా, శరణులు అట్టి దినము లేవనిరి. పరిశుద్ధము కాని దినమొకటి యున్నదని ఒప్పుకొన్నయెడల ఆ దినమున మెడలోని లింగము ఎచ్చటికి పోవును? ఇంత స్పష్టముగా చెప్పిన మతమున పుట్టియు, మనలో అనేకులు వర్జ్యము చూడక గడప దాటరు. రాహుకాలము పోవు వఱకు బిడ్డను పరీక్షకు పంపుటకు జంకుదురు. బసవన్న పటమునకు పూలమాల వేయుచునే బసవన్న విడిచిన దానిని మరల ఇంటికి తెచ్చుకొనుచున్నాము.

“అయ్యా, అట్లైన బిడ్డలు తల్లిదండ్రుల మాట వినరాదా? శిష్యులు గురువుల నెదిరింపవలెనా?” అని అడుగుదురు. కాదు. వినవలెను. పెక్కు విషయములలో పెద్దల మాట హితమే. అయితే ఒక్కొక్కప్పుడు కాదనవలసిన ఘట్టము వచ్చును. అప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు. ఇవి శరణుల చరిత్రల నుండి నేను గ్రహించినవి.

మొదటి ప్రశ్న: ఈ మాట నన్ను లింగమునకు, సత్యమునకు దగ్గఱ చేయునా, దూరము చేయునా? బసవన్న తనకు రుచింపని దానిని గాక, తన దీక్షకు విరుద్ధమైన దానిని కాదనెను.

రెండవ ప్రశ్న: ఈ మాట హితము నుండి పుట్టినదా, భయము నుండి పుట్టినదా? “నలుగురు ఏమనుకొందురు?” అను వాక్యముతో మొదలైన యాజ్ఞ సాధారణముగా భయసంతానము. అట్టి యాజ్ఞ నిచ్చు తల్లిదండ్రులను ద్వేషింపరాదు. వారి భయమును పోగొట్టుటయు బిడ్డల ధర్మమే.

మూడవ ప్రశ్న: నేను కాదన్న పిమ్మట నా బరువు నెవరు మోయుదురు? అక్కమహాదేవి రాజభోగమును కాదన్న తరువాత ఆకలికి భిక్షమెత్తుకొనెను, చలికి గుహలలో తల దాచుకొనెను. తన నిర్ణయపు కష్టమును తానే భరించెను. కాదనుటకు తాను, ఖర్చునకు తండ్రి అను స్వాతంత్ర్యము శరణమార్గము కాదు.

ఈ మూడు ప్రశ్నలకును నిర్మలమైన సమాధానము దొరికినచో వినయముగా, నెమ్మదిగా కాదనవచ్చును. దొరకనిచో పెద్దల మాట వినుటయే శ్రేయస్సు.

నేను ఉపాధ్యాయుడను. తల్లిదండ్రులు బిడ్డను వెంటబెట్టుకొని వచ్చి “వీనిని ఏ గ్రూపులో చేర్పింపవలెను?” అని నన్నడుగుట యేటేట జరుగును. తండ్రి మాటాడును, తల్లి మాటాడును, ఒకప్పుడు మేనమామయు మాటాడును. బిడ్డ మాత్రము నేల చూచుచుండును. “నాయనా, నీ కేమి యిష్టము?” అని యడిగిన, ఆ బిడ్డ ముందుగా తండ్రి ముఖము చూచును. పదునైదేండ్లు నిండిన బిడ్డ తన యిష్టమును తండ్రి ముఖమున వెదకుకొనుచున్నాడు. ఇదియా మన మిచ్చిన దీక్ష? పుట్టిననాడే నీ శివుడు నీ యొద్దనే యున్నాడని చెప్పి, తరువాత పదునైదేండ్లు నీలో నేమియు లేదు, సర్వము మా నిర్ణయములో నున్నదని చెప్పితిమి.

ఆడుబిడ్డల విషయమున ఈ యొత్తిడి రెండింతలు. చదువులో ముందున్న బిడ్డను మంచి సంబంధము వచ్చిన దని నడుమ ఆపుదురు. మంచి సంబంధము మరల రాదేమో యని తల్లి భయము. ఆ బిడ్డ చదువు మరల వచ్చునా యని అడుగువారు లేరు. అక్కమహాదేవి జయంతినాడు ఉపన్యాసములు చెప్పుకొని, ఇంటికి వచ్చి కౌశికుని పక్షమున మాటాడుట మనకు తగునా? ఇది కఠినమైన మాటయే. అయినను చెప్పక తప్పదు. పరీక్షలో తప్పితి నని, ర్యాంకు రాలే దని ప్రాణములు తీసికొను పిల్లల వార్తలు ఫలితములు వెలువడు వేళ ప్రతి సంవత్సరము మనము పత్రికలలో చదువుచున్నాము. రేపటికొఱకు పెంచిన బిడ్డకు నేడే లేకుండ పోయెను. అట్టి యింటిలో తల్లిదండ్రుల శోకమును వర్ణింప నా కలమునకు శక్తి లేదు. వారును బిడ్డ మేలే కోరిరి. అందుచేతనే ఈ విషయము ఇంత భయంకరమైనది.

మఠముల పెద్దలకును ఒక విన్నపము. గ్రామములలో నేటికిని మీ మాటకు విలువ గలదు. తండ్రి వినని మాటను స్వామివారు చెప్పిన వినును. పాదపూజకు వచ్చిన కుటుంబమును ఆశీర్వదించు వేళ “ఏ ఉద్యోగము? ఎంత జీతము?” అని గాక, “ఇంటిలో బిడ్డ మాటను ఎవరు విందురు?” అని ఒక్కసారి అడుగుడు. అల్లమప్రభువు కన్యను ప్రశ్నించి సమాధానము వినెను గదా! మఠమున నెలకొక సాయంకాలము బాలబాలికలు ప్రశ్న లడుగుటకు, పెద్దలు వినుటకు కేటాయించిన, అది యొక చిన్న అనుభవమంటప మగును. దానికి భవనము గాని విరాళము గాని అవసరము లేదు. ఒక చాప చాలును.

సత్యమునకు వాయిదా లేక బ్రదుకుటకు మూల్య ముండును. దానిని దాచి మాటాడుట న్యాయము కాదు. కల్యాణమున చర్మకారుల కులమున పుట్టిన హరళయ్య కుమారునకును, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువయ్య కుమార్తెకును శరణులు వివాహము జరిపించిరి. ఇరువురు తండ్రులును శరణులే. కాలము పక్వమైన పిమ్మట, లోకము మాఱిన పిమ్మట చేయుద మని వారు అనుకొనలేదు. రాజాగ్రహము వారిమీద పడెను. ఇరువురు తండ్రులును క్రూరముగా చంపబడిరి. కల్యాణము కల్లోలమయ్యెను. బసవన్న అధికారమును విడిచి కూడల సంగమమునకు మరలి, 1167 ప్రాంతమున అచ్చటనే లింగైక్యము చెందెను. ఆ తండ్రులు బిడ్డలమీద ఒత్తిడి పెట్టలేదు. లోకపు ఒత్తిడిని బిడ్డలమీద పడనీయక తామే భరించిరి. తల్లిదండ్రులకు ఇంతకన్న నాదర్శ మున్నదా?

అంతటి త్యాగమును మన నుండి నేడెవరును కోరుట లేదు. మనము చేయవలసినది చిన్నది. ఉదయమున లేవగానే, పత్రిక చూడక మునుపు, సెల్‌ఫోను చేత బట్టక మునుపు, లింగమును అరచేత నుంచుకొని కొలది సేపు చూడుడు. బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ఆజ్ఞాపింపకుడు, కూర్చుండనిండు. పిదప నేటి కాయకమును నిజాయితీగా చేయుడు. అంగడివాడు నేటి తూకమును, గుమాస్తా నేటి కాగితమును, ఉపాధ్యాయుడు నేటి పాఠమును, విద్యార్థి నేటి లెక్కను. సాయంకాలమున ఆకలిగొన్న యొకనికి పిడికెడు పెట్టుడు. బిడ్డ బడి నుండి రాగానే “ఎన్ని మార్కులు?” అని యడుగుటకు ముందు “ఈ దినము నేమి చూచితివి, ఏమి నేర్చితివి?” అని యడుగుడు. సమాధానము చెప్పుచుండగా వేఱొక పని చేయక వినుడు.

బిడ్డలారా! మీకు నొక్క మాట. తల్లిదండ్రుల భయమును చూచి విసుగు చెందకుడు. వారు ఆకలిని చూచినవారు, అప్పును చూచినవారు. మీకు ఆ కష్టము రాకూడదని వారి తపన. వాదముచేత వారి భయము పోదు. మీరు నేటి పనిని శ్రద్ధగా చేయుట చూచినప్పుడు కొంచెము కొంచెముగా పోవును. తన పనిని తాను చేసికొను బిడ్డ మాటను ఏ తండ్రియైనను ఒకనాడు వినక తప్పదు. వినని నాడును మీ యరచేతి లింగము మీ యొద్దనే యున్నది. దానిని చూచుటకు ఎవరి యనుమతియు అక్కఱ లేదు.

బసవన్న కరుణచేత మన యిండ్లలో పెద్దలకు వినికియు, పిన్నలకు వినయముతో కూడిన ధైర్యమును కలుగు గాక! ఎదుటనున్న దినమును చేజార్చుకొనక ఈ దినమే లింగమునకు అర్పించు బుద్ధిని సంగమేశ్వరుడు మనకందఱకు ప్రసాదించు గాక!

శరణు శరణార్థి.